పదకొండో మంచం విన్న పాట

ఎమ్మిగనూరు పెద్దాయన కోడలు ఫోన్ చేసేసరికి నేను ఆదోనిలో ఒక కల్యాణ మంటపంలో స్పీకర్ బాక్సులకు వైర్లు తగిలిస్తున్నాను. మామ నిన్న సాయంత్రం పోయినాడని, పొద్దున్నే అన్నీ అయిపోయాయని, హడావిడిలో నాకు చెప్పడం మరిచిపోయామని అంది.  చివరికి ఇదీ అంది: "పలక మీద మీకేందో రాసిపెట్టినాడన్నా. ఎవురినీ తుడవనియ్యలేదు. వచ్చి సూసుకోండి."

పెళ్లివాళ్లకు ఏం చెప్పి బయటపడ్డానో గుర్తులేదు. ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాక గాని నా చేతిలో ఇంకా ఒక వైరు ముక్క ఉన్నట్టు గమనించలేదు. పలక మీద ఏం రాసి ఉంటాడా అని దారి పొడుగునా భయపడుతూనే ఉన్నాను. ఆ భయం ఎందుకో తెలియాలంటే ఆయన సంగతి చెప్పాలి.

ఆదోనిలో నాకు కొంచెం పేరుంది. పెళ్లిళ్లలో కీబోర్డు వాయిస్తాను, మిగతా రోజుల్లో చిన్న అంగడి పెట్టుకుని పిల్లలకు నేర్పుతాను. ఏ పాటైనా ఒకసారి వింటే చాలు, వేళ్లు వాటంతటవే పోతాయి. నాకు రాని పాట లేదన్న పొగరు నాకుందని నా భార్యా, నాకు గిట్టనివాళ్లూ ఒకే మాటగా చెబుతారు. ఆ పొగరు సంగతి ఎవరో చెబితేనే ఆయన నన్ను వెతుక్కుంటూ వచ్చాడు.

మూడేళ్ల కిందట, ఒక గురువారం. సన్నటి మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. తెల్లటి పంచె, భుజాన ఒక తువ్వాలు, చంకలో మడిచిన ఇంకో తువ్వాలు. చెప్పులు బయట విడిచి, పిల్లల పాఠం అయ్యేదాకా గోడకానుకుని నిలబడి, తర్వాత వచ్చి చంకలోని కొత్త తువ్వాలు నా కీబోర్డు మీద పెట్టాడు. ఇదేందని అడిగితే, తను ఎమ్మిగనూరులో మగ్గం నేస్తానని, ఒక పాట ఏందో చెప్పాలని, ఊరికే చెప్పించుకోవడం తనకు అలవాటు లేదని అన్నాడు. గొంతు గరగరలాడుతోంది. ఏ సినిమా అన్నాను.

"సినిమా కాదప్పా. పియానో."

నాకు నవ్వొచ్చింది. ఎమ్మిగనూరు మగ్గానికీ పియానోకీ ఎక్కడ చుట్టరికం కలిసిందని వెక్కిరించాను. ఆయన నొచ్చుకోలేదు. కుడి బొటనవేలితో ఒక చెవి మూసుకుని, కళ్లు మూసుకుని, గొంతులోపలే పాడటం మొదలుపెట్టాడు. పాడుతున్నంతసేపూ పాదాలు రెండూ ఒకదాని తర్వాత ఒకటి నేలను తొక్కుతూనే ఉన్నాయి. మెల్లగా పైకి ఎక్కుతుంది, ఒకచోట నిలబడుతుంది, వెనక్కి తిరిగి చూసినట్టు దిగుతుంది. తర్వాత ఇంకో దారి పట్టి కొంత దూరం పోయి, టక్కున ఆగిపోయింది.

తర్వాత ఏమని అడిగాను. అంతే, అంతవరకే తెలుసునన్నాడు.

నేను నాకు తెలిసిన పది ముక్కలు వాయించి చూపించాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపాడు. ఫోన్‌లో పాటను పట్టి పేరు చెప్పే యాప్ ఒకటుంటే అది కూడా పెట్టాను. అది ఒకసారి అయ్యప్ప భజన అంది, ఇంకోసారి ఏదో హిందీ సినిమా అంది. ఆయన సొంత పాటనే ఆయనకు కాస్త వేగంగా వాయించి వినిపిస్తే దానికీ తల అడ్డంగా ఊపాడు.

"కాదు. ఆయమ్మ ఇంత తొందరపడదు."

ఆయమ్మ ఎవరన్నాను. తెలీదన్నాడు. ఎప్పుడూ చూడలేదట.

ముక్కలు ముక్కలుగా, నాలుగైదు గురువారాల్లో బయటికొచ్చిన సంగతి ఇది. ఆయనకు ఇరవై ఏళ్లప్పుడు క్షయ వచ్చింది. మగ్గం గుంటలో కూర్చుని నూలు దుమ్ము పీల్చేవాళ్లకు అది రావడం ఆ రోజుల్లో వింత కాదు. ఆదోనిలో మిషనరీ దొరలు నడిపే ఒక ఆసుపత్రిలో చేర్చారు. ఇప్పుడది లేదు. తొమ్మిది నెలలు వరండాలో పడుకోబెట్టారు. అక్కడ పేర్లతో పిలవరు, మంచం నంబరుతో పిలుస్తారు. ఈయన పదకొండు. పదో మంచం మీద మనిషి పోయాడు, ఆ మంచం మీదికే వచ్చిన ఇంకొకడూ పోయాడు. ఇక తన వంతేనని గోడ వైపు తిరిగి పడుకుని తిండి మానేశాడు.

అప్పుడు వినపడిందట. ఆసుపత్రి గోడ అవతల దొరల బంగళా. సాయంత్రం నాలుగు గంటలకు ఎవరో ఒకావిడ పియానో ముందు కూర్చునేది. ఎప్పుడూ ఒకటే పాట. ఒకచోటికి రాగానే తప్పు పోయేది, ఆగేది, మళ్లీ మొదటి నుంచి ఎత్తుకునేది. రోజూ అదే చోట తప్పు. ఈ రోజైనా దాటుతుందా లేదా అని ఈయనకు పట్టుకుంది. నాలుగైతే చాలు, లేచి కూర్చునేవాడు. ఆ తప్పు కోసం అన్నం తిన్నాడు, ఆ తప్పు కోసం సూదులు పొడిపించుకున్నాడు. ఇంటికి పంపే వారం ముందు పియానో ఆగిపోయింది. బంగళా ఖాళీ చేసి వాళ్ల దేశం పోయారని ఆయా చెప్పింది.

"యాభై ఏండ్లయింది. అది ఆడికెళ్లి యాడికి పోతాదో తెలుసుకోవాలప్పా," అన్నాడు.

నాకు విసుగు మొదలైంది. నిజం చెప్పాలంటే విసుగు కాదు, అవమానం. అంగట్లో తువ్వాళ్లు నాలుగు పోగయ్యాయి, పాట మాత్రం దొరకలేదు. అయిదో గురువారం ముఖం మీదే చెప్పేశాను. ఆ దొరసానే ఏదో సొంతంగా కట్టుకుని వాయించి ఉంటుంది, అలాంటి పాట లోకంలో లేదు, నన్ను వదిలిపెట్టమన్నాను. ఆయన కోపగించుకోలేదు. తువ్వాలు నా ముందుకు జరిపి, వచ్చే గురువారం కాక ఆపై గురువారం కర్నూలులో తనకు ఆపరేషన్ అని చెప్పాడు. గొంతులో పుండు. పెద్దది.

"మాట పుట్టే పెట్టె తీసేస్తారంట. అది పోతే ఈ పాట ఇంకెవురికి సెప్పేది? నా గొంతులో తప్ప యాడా లేదు గదా."

ఆ పూట నేను పిల్లలకు పాఠం చెప్పలేదు. చేతిలో రెండు వారాలున్నాయి.

బెంగళూరులో పియానో నేర్పే ఒకావిడ ఉందని, నాకు కీబోర్డు అమ్మినతను నంబరు ఇచ్చాడు. గట్టి మనిషి. ఆయన పాటను నేను వాయించి పంపితే అరగంటలో ఫోన్ చేసింది. స్వరాలు ఎక్కడో విన్నట్టే ఉన్నాయి కాని నడక అడ్డదిడ్డంగా ఉందని, ప్రతి మూడో స్వరాన్నీ అనవసరంగా సాగదీస్తున్నానని, అసలు నాకు తాళం వచ్చా అని అడిగింది. నాకు! ఆయన ఎలా పాడాడో అలాగే వాయించాను మరి. సరిగ్గా పాడించి, మనిషి గొంతే పంపమంది. ఆ మాట ఆయనతో అంటే, తను యాభై ఏళ్లుగా ఇలాగే పాడుతున్నానని, తప్పు రాదని మొండికేశాడు. అలా ఒక వారం పోయింది.

సోమవారం ఉదయం ఉండబట్టలేక నేనే ఎమ్మిగనూరు పోయాను. బుధవారం ఆయన ఆసుపత్రిలో చేరాలి. వాళ్ల వీధిలో అడుగుపెడుతుండగానే మగ్గం చప్పుడు. లోపల గుంట మగ్గం మీద ఆయనే. నడుము దాకా గుంటలో, కాళ్లు కింద కట్టెల మీద. ఎడమ కాలు తొక్కితే నూలు మోసే నాడె ఇటు నుంచి అటు పోతుంది, కుడి కాలు తొక్కితే అటు నుంచి ఇటు వస్తుంది. ఎడమ, కుడి, ఎడమ, కుడి. పైన ఆయన గొంతులో ఆ పాట.

నేను గడపలోనే నిలబడిపోయాను. ఇదా నేను ఇన్నాళ్లూ వినలేకపోయింది? ఎడమ, కుడి ఆడే మగ్గం మీద మూడు దెబ్బల పాట కూర్చోదు. ఒక దెబ్బ తక్కువ పడుతుంది. ఆ తక్కువైన దెబ్బను ఆయన ప్రతిసారీ సాగదీసి నింపుకున్నాడు. యాభై ఏళ్లు అలా తొక్కి తొక్కి, మూడు కాళ్ల పాటకు నాలుగో కాలు అతికించాడు. దాన్ని నా ముందు పాడినప్పుడు కూడా పాదాలు నేలను తొక్కుతూనే ఉన్నాయి. పాట గొంతులో లేదు, కాళ్లలో ఉంది. అది గమనించనందుకు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆయన్ను మగ్గం నుంచి లేపి బయటికి తీసుకొచ్చాను. వాళ్ల ఇంటి ముందు నాపరాళ్ల అరుగు చాలా ఎత్తు. వాన నీళ్లు లోపలికి రాకుండా కట్టింది. దాని మీద కూర్చోబెడితే ఆయన కాళ్లు గాల్లో వేలాడాయి. ఇప్పుడు పాడు పెద్దాయనా అన్నాను.

పాట రాలేదు.

నోరు తెరిచాడు, మూశాడు. చెవి మూసుకుని మళ్లీ ప్రయత్నించాడు. గాలి తప్ప ఏమీ లేదు. కాళ్లు నేల కోసం వెతుకుతున్నాయి. ఆయన ముఖంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు, ఆపరేషన్ గురించి చెప్పినప్పుడు కూడా లేదు. కోడలు బయటికొచ్చి, గొంతుకు శ్రమ ఇవ్వద్దన్నారు గదన్నా అంది. ఆమె మాట నిజం. అయినా నేను వినలేదు. పదకొండో మంచం మీద పడుకున్నట్టు అనుకో, ఎండ మంచం పట్టె మీద పడింది, నాలుగయింది అన్నాను. ఆయన కళ్లు మూసుకున్నాడు.

మొదలైంది. మూడు దెబ్బల్లో. సాగదీత లేదు, మోత లేదు.  సగంలో ఉండగా ఒక ఆటో హారన్ కొట్టుకుంటూ పోయింది. రికార్డు పాడైంది. ఆ ఆటోవాణ్ని నేను తిట్టిన తిట్లకు వీధిలోని ఆడవాళ్లంతా బయటికొచ్చారు. రెండోసారి పాడేటప్పుడు ఇద్దరు ముసలామెలు వీధికి అటూ ఇటూ చేతులు చాచి నిలబడి బండ్లను ఆపారు. గొంతు రెండుచోట్ల చీలింది కాని, ఆ ఆగిపోయే చోటు దాకా వచ్చింది.

పాడాక ఆయన ఏడ్చాడు. "ఇట్లనే ఉండె ఆయమ్మ పాట. నేనే దాన్ని మగ్గానికేసి కొట్టినా" అన్నాడు.

అప్పటికప్పుడు బెంగళూరుకు పంపాను. జవాబు లేదు. మంగళవారం లేదు. బుధవారం ఆయన కర్నూలులో చేరాడు, అప్పటికీ లేదు. ఫోన్ చేస్తే ఎత్తదు. గురువారం పొద్దున్న తొమ్మిదికి ఆపరేషన్. నేను తెల్లవారగానే ఆదోని బస్టాండుకొచ్చాను. శ్రావణమాసం, అందులోనూ గురువారం. ఉన్న బస్సులన్నీ ఉరుకుంద ఈరన్న స్వామి జాతరకు పోయాయి. కర్నూలు బస్సు దొరికేసరికి ఆరున్నర. కోడుమూరు దాటాక ఫోన్ మోగింది. మెసేజి. ఊరికి పోయి ఉన్నానని, ఆలస్యానికి క్షమించమని రాసింది. కింద పాట పేరు, ఎవరో వాయించిన పూర్తి పాట. పియానో నేర్చుకునే పిల్లలు రెండో ఏడాదిలో వాయించే ముక్కే ఇది అని కూడా రాసింది. బస్సులో నా చెవులు ఎర్రబడ్డాయి. నేను వినలేదు. ముందు ఆయన వినాలి.

వార్డుకు పరుగెత్తేసరికి ఆకుపచ్చ గౌను తొడిగి చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. నర్సు రెండు నిమిషాలే అంది. దొరికింది పెద్దాయనా అన్నాను.

"పేరేంది?"

పేరంటూ లేదు. రాసినాయన పేరొకటుంది, దానికి నాకు ఇప్పటికీ నోరు తిరగదు. దాని పక్కన ఒక నంబరు. అదే చెప్పాను, దీనికి పేరు లేదు, నంబరే అని. ఆయన నవ్వాడు. "నా మాదిరే" అన్నాడు.

ఫోన్ చెవి దగ్గర పెట్టాను. పియానో మొదలైంది. ఎక్కింది, నిలబడింది, దిగింది. ఆయన వేలు దుప్పటి మీద ఒకటి రెండు మూడు అని కదులుతోంది. ఇంకో దారి పట్టింది. ఆ చోటు వస్తోంది.  వచ్చింది, తప్పు పోలేదు, దాటబోతోంది. ఆయన చెయ్యి చటుక్కున లేచి ఫోన్‌ను గట్టిగా మూసేసింది.

"సాలు. ఆపప్పా."

నాకు మండింది. ఇంత తిరిగింది, ఇన్ని తిట్లు తిన్నది దీనికోసమేనా? ఇంకా నిమిషం కూడా లేదు, విను అన్నాను. నర్సు మంచం తోస్తోంది. ఆయన తల తిప్పి, చివరిసారిగా తన గొంతుతో నాతో అన్న మాటలివి:

"అప్పుడూ దీనికోసమే ఒక్కో దినం బతికినా. రేపటికి ఏమన్నా ఉండల్ల గదప్పా. మిగిలింది వచ్చినంక."

తలుపులు మూసుకున్నాయి. ఆపరేషన్ అయిదు గంటలు పట్టింది. ఆ అయిదు గంటల్లో నేను బెంచీ మీద కూర్చుని, చెయ్యకూడని పని చేశాను. మిగిలింది విన్నాను. ఆ చోటు దాటి పాట కొంచెం దూరం పోయింది, కొద్దిగా గొడవ పడింది, తర్వాత ఏమయిందనుకున్నారు? తిరిగి మొదటి ముక్కే వచ్చింది. అదే ఎక్కడం, అదే నిలబడటం, అదే దిగడం. అంతే. అయిపోయింది. యాభై ఏళ్లుగా తెలుసుకోవాలని తపించిన చివర, ఆయన రోజూ పాడుకుంటున్న మొదలే.  ఇది తెలిస్తే మనిషి ఏమైపోతాడని భయం పట్టుకుంది.

ఆయన బయటికొచ్చాడు. మెడకు ఊపిరి తీసుకునే చిన్న బొక్క, మాటకు బదులు చేతిలో పలక. రెండు నెలలకు మళ్లీ గురువారం గురువారం ఆదోని రావడం మొదలుపెట్టాడు, చంకలో తువ్వాలుతో సహా. నేను ఫోన్ ఎత్తి చూపిస్తే బలపంతో ఒకే మాట రాసేవాడు: రేపు. అలా మూడేళ్లు. ఒకసారి తిక్క రేగి, రేపు రేపు అని ఎన్నాళ్లు అని అరిచాను. నీకేం తొందర అని రాసి, చప్పుడు లేకుండా నవ్వాడు. నిజానికి ఆయన రేపు అన్న ప్రతిసారీ నాకు లోపల హాయిగా ఉండేది. పాట ఆయన ఫోన్‌లో కూడా వేసిచ్చాను, కోడలికి ఆపే చోటు చూపించాను. మామ ఇప్పుడు మగ్గం మీద కూడా మూడు లెక్కపెడతాన్నాడని, మూడు తొక్కితే నాడె యాడికి పోతాదని ఆమె నాతో మొత్తుకునేది. తువ్వాళ్ల అంచులు వంకర పోయాయి. నేను వాటినే దాచుకున్నాను.

ఈ మధ్య రెండు గురువారాలు రాలేదు. వానలు గదా అనుకున్నాను, బుద్ధిలేనివాణ్ని.

ఇల్లు చేరేసరికి అరుగు కడిగి ఉంది. కోడలు మంచినీళ్లిచ్చి కూర్చోమంది. పోయిన నెలే కర్నూలులో మళ్లీ గడ్డ కనపడిందన్నారట. నాకు చెప్పొద్దని పలక మీద రాసి రెండు గీతలు కొట్టాడట. సోమవారం సాయంత్రం నాలుగింటికి ఫోన్ తెమ్మని సైగ చేశాడట. ఎప్పటిలా ఆపే చోటు దగ్గర ఆమె ఆపబోతే, చెయ్యి పట్టుకుని వద్దన్నాడట.

"అంతా ఇన్నాడన్నా. ఇంకోసారి పెట్టమని మళ్లా ఇన్నాడు. బాగనే ఉండె ఆ పూట" అంది.

ఆమెకు అది మామ పాట విన్న సాయంత్రం. నాకు మాత్రం తెలిసిపోయింది. సోమవారం నాలుగింటికి ఆయన ఇక రేపు అక్కర్లేదనుకున్నాడు. నాకు చెప్పకుండా అనుకున్నాడు. నాకు దుఃఖం కంటే ముందు కోపమే వచ్చింది.

లోపలికి పోయి పలక తెచ్చి నా చేతిలో పెట్టింది. వంకర టింకర అక్షరాలు, చివరికి వచ్చేసరికి చోటు చాలక సన్నగా ఇరికించాడు.

"కడకు మొదటి ముక్కే వచ్చిందప్పా. నీకు ముందే తెలుసు. సెప్పకుండా ఉన్నావు. మంచోనివి."

ఏం రాసినాడన్నా అని అడిగింది కోడలు. పాట సంగతేలేమ్మా అన్నాను.  బయటికొచ్చి అరుగు మీద కూర్చున్నాను. నా కాళ్లు కూడా నేలకు అందలేదు.